ఈ చేపలు ఏ నీళ్లవి అల్లుడూ?

హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి ఊరెళ్లేవాళ్లు మామూలుగా ఏం పట్టుకెళ్తారు? ఓ స్వీట్ ప్యాకెట్, రెండు బిస్కెట్ డబ్బాలు, వదలని దెయ్యంలా ఆఫీసు ల్యాప్‌టాప్. రెండేళ్ల కిందట మే డే సెలవులు కలిసొచ్చినప్పుడు నేను వీటితోపాటు నలభై బతికున్న చేపలు కూడా పట్టుకెళ్లాను. వేలెడంత చేపలు. ఆక్సిజన్ నింపి రబ్బరు బ్యాండ్లు బిగించిన కవరు. దాన్ని ఒళ్లో పెట్టుకుని, చంటిపిల్లని ఎత్తుకున్నట్టు రాత్రంతా కూర్చున్నాను. పక్కసీటాయన ఉండబట్టలేక అడిగాడు.

"అక్వేరియం కోసమా బాబూ?"

"కాదండీ, వాలుగ కోసం."

ఆయన ఇంకేం అడగలేదు. దుప్పటి కప్పుకుని అటు తిరిగి పడుకున్నాడు.

మా అమ్మమ్మగారి ఊరు గోదావరి వశిష్ఠ పాయ ఒడ్డున, సిద్ధాంతం వంతెనకి కాస్త దిగువన ఉంటుంది. చిన్నప్పుడు వేసవి సెలవులన్నీ అక్కడే. మా మావయ్యకి వ్యవసాయం వృత్తి, గాలం వేయడం పిచ్చి. ఇంజినీరింగ్, ఉద్యోగం, వారాంతాల్లో కూడా మోగే ఫోన్లు... వీటి మధ్య పదేళ్లపాటు నేను ఏటి ముఖం చూడలేదు. ఆ ఏడాది ఎలాగైనా మావయ్యతో కలిసి వాలుగ పట్టాలనుకున్నాను. వీడియోలు చూసి రాడ్, రీలు కొన్నాను. వాలుగకి బతికున్న ఎర కావాలి కదా, అక్కడికెళ్లి వెతుక్కుంటూ సగం రోజు పాడుచేసుకోవడం ఎందుకని అక్వేరియం షాపులో పెద్ద చేపలకి మేతగా అమ్మే చవకరకం చిన్న చేపలు నలభై కొనేశాను. చాలా తెలివైన పని చేశాననే అనుకున్నాను.

తెల్లారి మావయ్య అరుగు మీద కూర్చుని టీ తాగుతూ కవరు కేసి చాలాసేపు చూశాడు. తర్వాత ఒకే ఒక్క మాట అడిగాడు.

"ఈ చేపలు ఏ నీళ్లవి అల్లుడూ?"

షాపులోవన్నాను. షాపువాడికి ఎక్కణ్ణుంచి వచ్చాయన్నాడు. నాకు తెలీదు. "తెలీని నీళ్లని ఏట్లో కలుపుతావా?" అన్నాడు. కవరు తీసుకుని మేడెక్కి, అక్కడున్న సిమెంటు తొట్టిలో చేపలన్నిటినీ వదిలేశాడు. పెరట్లో ఇంకో తొట్టి ఉంది కదా, మేడ మీద ఎందుకని అత్తయ్య అడిగితే, "వరదొస్తే పెరట్లో తొట్టి మునుగుద్ది. ఇవి ఏట్లోకి పోకూడదు" అన్నాడు. ఆ చేపలు దోమ పిల్లల్ని తింటూ ఆ తొట్టిలోనే చాలాకాలం బతికాయట. నా ఆరువందల రూపాయలు అలా మేడెక్కాయి.

అసలు బతికున్న ఎర ఎందుకు?

చేపలన్నీ ఒకే తిండి తినవు. గాలం వేసేవాళ్లకి ఇది మొదటి పాఠం. శీలావతి, బొచ్చె, ఎర్రమోసు లాంటివి తవుడు ముద్దకో, పిండి ఉండకో వస్తాయి. ఇంగిలాయిలు, జెల్లలు వానపాముకి వస్తాయి (మా వైపు వానపాముని ఎర్ర అంటాం). పులస ఏ గాలానికీ రాదు. నీటిలో తేలే సూక్ష్మజీవుల్ని వడగట్టుకు తినే చేప అది, దానికి వల తప్ప వేరే దారి లేదు. పులసని గాలంతో పట్టానని ఎవరైనా చెబితే నవ్వి ఊరుకోండి.

వేటాడి తినే చేపలు వేరు. వాలుగ, కొర్రమీను, దిగువన అంతర్వేది వైపు ఉప్పునీళ్లు కలిసేచోట పండుగప్ప... ఇవి కదిలే దాన్నే కరుస్తాయి. వాలుగ ఎక్కువగా చీకట్లో మేస్తుంది. పొడవాటి మీసాలు, కళ్ల వెనక్కి వెళ్లేదాకా చీలిన నోరు, ఆ నోట్లో ఆకురాయిలా గరుకుగా వరసలు వరసలు పళ్లు. బురదనీళ్లలో అది కంటితో కంటే కదలికతోనే వేటని కనిపెడుతుంది. చచ్చిన చేప కట్టినా ఒక్కోసారి పడుతుంది గానీ, గాలం చివర తోకాడిస్తూ తిరిగే పరిగెని చూసి అది ఆగలేదు. అందుకే బతికున్న ఎర.

బతికున్న ఎర ఎక్కణ్ణుంచి తేవాలన్నదే అసలు ప్రశ్న. మావయ్య దగ్గర దీనికి ఒకటే రూలు. ఏ నీళ్లలో గాలం వేస్తున్నావో ఆ నీళ్లలోనే ఎర పట్టాలి. మిగిలినవి ఆ నీళ్లలోనే వదలాలి. పక్క ఊరి చెరువు నుంచి కూడా తేకూడదు. చాదస్తం అనుకున్నాను. ఆ పొద్దున్న ఏటికి నడుస్తూ ఆయన చెప్పింది విన్నాక ఆ మాట అనలేకపోయాను.

మా ఊరి చెరువు ఒకప్పుడు కొర్రమీనుకి పేరు. తొలకరికి కొర్రమీను పిల్లలు పెడుతుంది. ఎర్రటి పిల్లలు వందల కొద్దీ గుంపుగా నీటి పైన సుడి తిరుగుతుంటాయి, వాటి కింద తల్లీతండ్రీ కాపలా కాస్తాయి. ఆ గుంపు మీద ఊళ్లో ఎవరూ రాయి కూడా వేసేవారు కాదట. 1990ల మొదట్లో, మావయ్యకి పాతికేళ్లప్పుడు, పది కిలోమీటర్ల అవతల మురుగు కాలవలో చిన్న చేపలు పుష్కలంగా దొరుకుతున్నాయని సైకిల్ మీద ఓ బకెట్టు తెచ్చాడు. చెరువులో కొర్రమీనుకి ఎరగా వేశాడు. సాయంత్రానికి సగం మిగిలాయి. "పాపం, బతకనీలే" అని నీళ్లతో సహా చెరువులో ఒంపేశాడు.

వాటిలో జిలేబీ పిల్లలున్నాయి.

జిలేబీ అంటే తెలుసు కదా, తిలాపియా. 1952లో మన దేశానికి తెచ్చిన చేప. ఆడచేప గుడ్లని నోట్లోనే పెట్టుకుని పొదుగుతుంది. పుట్టిన రెండు మూడు నెలలకే పిల్లలు పెట్టడం మొదలుపెడుతుంది, ఏడాదిలో ఎన్నిసార్లయినా పెడుతుంది. రెండు మూడేళ్లలో చెరువంతా అరచేతి సైజు జిలేబీలే. వాటి మధ్య ఇంకో జాతి చేప పిల్లలకి మేత ఎక్కడ దొరుకుతుంది? ఆ రోజుల్లోనే కొర్రమీనులు ఒంటినిండా ఎర్రటి పుండ్లతో తేలడం కూడా మొదలైంది. 1988లో మన దేశంలోకి వచ్చిన చేపల పుండ్ల జబ్బు అది. నీటి బూజు లాంటి సూక్ష్మజీవి వల్ల వస్తుంది, కొర్రమీను, మట్టగిడస లాంటివాటికి తొందరగా తగులుతుంది. జబ్బు చేపతోనే కాదు, అది ఉన్న నీళ్లతో కూడా ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి పోతుంది.

"నీ బకెట్టు వల్లేనంటావా మావయ్యా? వరదొచ్చినా కలుస్తాయి కదా" అన్నాను.

"ఎవరూ నా వల్ల అన్లేదు. అసలు ఎవరికీ తెలీదు కూడానూ" అన్నాడు. కాస్సేపు నడిచాక, "నాకు తెలుసు కదా" అన్నాడు.

ముప్పై ఏళ్లుగా ఆయన ఆ చెరువులో గాలం వేయలేదట. ఆ సంగతి నాతో చెప్పడం అదే మొదటిసారి. అత్తయ్యకి కూడా తెలియదనుకుంటాను.

ఇది మా ఊరి కథే కాదు. ఆఫ్రికా మంగూరు చేపని 2000లోనే కేంద్రం నిషేధించినా, ఇప్పటికీ కాలవల్లో కనిపిస్తూనే ఉంది. అక్వేరియం అద్దాలకి పట్టిన పాచి తింటుందని ముచ్చటపడి కొనుక్కునే చేప ఒకటుంది. పెరిగాక చోటు చాలక ఎవరో చెరువులో వదిలారు, ఇంకెవరో కాలవలో వదిలారు. ఇవాళ అదే దెయ్యం చేప పేరుతో మన జాలర్ల వలలు చింపుతోంది, గట్లకి బొరియలు పెడుతోంది. నా ఒళ్లో కూర్చుని హైదరాబాద్ నుంచి వచ్చిన కవర్లో ఏమేం ఉన్నాయో, ఏ జబ్బున్న నీళ్లున్నాయో నేను చెప్పగలనా?

బాటిల్‌తో నా పాట్లు

ఏప్రిల్ మధ్యలోనో ఆఖర్లోనో డెల్టా కాలవలు కట్టేస్తారు. నీళ్లు ఆగిపోయి అక్కడక్కడా మడుగులు మిగులుతాయి. వాటిలో చేపలు కుతకుతలాడుతుంటాయి. ఇద్దరు పిల్లలు చెరో చివర తువ్వాలు పట్టుకుని ఓసారి లాగితే చాలు, దోసెడు పరిగెలు. నా చిన్నప్పటి వేసవంతా అదే ఆట. దారిలో అలాంటి మడుగు కనపడగానే నేను ప్యాంటు మడిచాను. మావయ్య ఆపాడు. "ఇప్పుడు వీటిలో సగం జిలేబీలే. కాలవలో ఉన్నాయి కదా అని మనం చేత్తో మోసి ఏట్లో పొయ్యక్కర్లేదు" అన్నాడు.

రేవులో పడవ మరమ్మతు చేసుకుంటున్న ఓ పెద్దాయన దగ్గర ముందు ఆగాం. చెరువులో అయినా ఏట్లో అయినా చేపల మీద హక్కు, జీవనం మత్స్యకారులవి. సరదాకి వెళ్లే మనలాంటివాళ్లం ఓ మాట అడిగి దిగడం మర్యాద. కొన్నిచోట్ల సంఘం అనుమతి లేకుండా దిగితే గొడవలవుతాయి కూడా. ఆయన నవ్వి, "ఆయ్, ఎర కోసమేగా, పట్టుకోండి. వల మట్టుకు కట్టకండి" అన్నాడు. మేం వల తీసుకెళ్లలేదు. మావయ్యకి విసురు వల వేయడం వచ్చు. ముంజేతి మీద సగం మడతలు, పళ్ల మధ్య ఓ అంచు పట్టుకుని తిప్పి విసిరితే గొడుగు విప్పినట్టు పడుతుంది. కానీ ఎరకి అరడజను చేపలు చాలు, దానికి వల ఎందుకని ఇంట్లోనే వదిలేశాడు.

దోమతెర సంగతి అసలు ఎత్తొద్దన్నాడు. దోమతెరతో లాగితే పరిగెలతోపాటు కంటికి ఆనని బొచ్చె పిల్లలు, శీలావతి పిల్లలు, రొయ్య పిల్లలు అన్నీ వచ్చేస్తాయి. ఒడ్డున ఏరి తిరిగి వేసేలోపు సగం చస్తాయి. నేను చిన్నప్పుడు తువ్వాలుతో చేసింది కూడా అదేనని అప్పుడు వెలిగింది.

మరి దేంతో పట్టాలి? నా దగ్గర ఓ ఐడియా ఉంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్. మెడ దగ్గర కోసి, ఆ గరాటు ముక్కని తిరగేసి మళ్లీ బాటిల్లోకే దూర్చి, నాలుగుచోట్ల దారంతో కుట్టాలి. చేప గరాటులోంచి సులువుగా లోపలికి వెళ్తుంది. బయటికి రావాలంటే ఆ చిన్న కన్నం మధ్యలో ఉంటుంది, చేపేమో గోడ వెంబడే తిరుగుతుంది, దారి దొరకదు. మన పాత వెదురు మావులు పనిచేసేది కూడా ఇలాగే. నేను కొత్తగా కనిపెట్టిందేమీ లేదు.

లోపల గుప్పెడు అన్నం వేసి, తాడు కట్టి నీళ్లలోకి విసిరాను. తేలింది. రాయి వేశాను. మునిగింది గానీ అరగంటయినా ఒక్క చేప లేదు. లోపల అన్నం మెతుకులు పొగమంచులా విచ్చిపోయి నీళ్లు తెల్లగా ఉన్నాయి. మావయ్య ఏమీ అనకుండా పక్కన చిన్న గాలానికి కందిగింజంత పిండి ఉండ పెట్టి, పది నిమిషాల్లో మూడు పరిగెలు తీశాడు.

ఆఫీసులో కోడ్ పనిచేయకపోతే ఏం చేస్తాం? ఒక్కొక్కటీ మార్చి చూస్తాం. ఇక్కడా అదే చేశాను. మొదటి తప్పు, బాటిల్‌కి చిల్లుల్లేవు. నీళ్లు పారకపోతే లోపలున్న తిండి వాసన బయటికి రాదు. పడవ పెద్దాయన దగ్గర మేకు అడిగి, కాల్చి, చుట్టూ ముప్పై చిల్లులు పొడిచాను. రెండో తప్పు, గరాటు నోటిని ప్రవాహానికి ఎదురుగా పెట్టాను. చేపలు ప్రవాహానికి ఎదురీదుతూ వాసన వెంట వస్తాయి. అంటే దిగువ నుంచి వస్తాయి. కాబట్టి నోరు దిగువకి ఉండాలి. మూడోది, అన్నం తొందరగా కరిగిపోతుంది. తవుడు కొంచెం వేయించి గట్టిగా ముద్ద కట్టి వేస్తే అరగంట నిలుస్తుంది. నాలుగోది మావయ్య చెప్పాడు. "నట్టనడి ఇసుకలో పెట్టావు. పరిగెకి అక్కడ పనేంటి? గడ్డి పక్కన పెట్టు." లోతులేని చోట, గడ్డి అంచున, నీడ పడేచోట పెట్టాను.

ఇరవై నిమిషాల తర్వాత తాడు లాగితే లోపల తొమ్మిది పరిగెలు, ఓ ఇసుక దొందు, చిటికెన వేలంత రొయ్య ఒకటి. నా జీవితంలో ఏ రిలీజ్ సక్సెస్ అయినప్పుడూ అంత గట్టిగా అరవలేదు. ఇసుక దొందునీ రొయ్యనీ మావయ్య వదిలేయించాడు. ఒక పరిగె బుల్లిగా ఉందని అదీ వదిలేశాడు. బాటిల్‌ని మాత్రం ఎక్కువసేపు నీళ్లలో వదలకూడదు. మర్చిపోతే లోపలివి ఊపిరాడక చస్తాయి, తాడు తెగితే ఆ బాటిల్ ఏళ్లతరబడి చేపల్ని చంపుతూనే ఉంటుంది. తాడు రెండో కొస గట్టు మీద మొక్కకి కట్టాకే వేయాలి.

బకెట్లో ప్రాణం నిలబెట్టడం

పట్టడం సగం పనే. పొద్దున పట్టిన పరిగె సాయంత్రందాకా హుషారుగా బతకాలి. ఇక్కడ కూడా నేనో ఘనకార్యం చేశాను. ఏటి నీళ్లు మట్టిగా ఉన్నాయి కదా, శుభ్రమైనవి పోద్దామని వచ్చేటప్పుడే వీధి కుళాయి నీళ్లు ఓ క్యాన్ నిండా తెచ్చాను. మావయ్య పట్టిన మొదటి మూడు పరిగెల్ని వాటిలో వేశాను. కాస్సేపటికే పైకొచ్చి నోరు తెరిచి గుటకలు వేశాయి, ఆనక వెల్లకిలా తిరిగాయి. ఓవర్‌హెడ్ ట్యాంకులో కలిపే క్లోరిన్ మనకి రక్ష, చేప మొప్పలకి మంట. ఆ మూడు ప్రాణాలు నా శుభ్రత వల్ల పోయాయి.

బకెట్లో ఏటి నీళ్లే ఉండాలి. నిండా కిక్కిరిసి వేయకూడదు, మామూలు బకెట్టుకి పదీ పన్నెండు చాలు. ఎండ తగలకూడదు. దీనికి లెక్క ఉంది. 20 డిగ్రీల నీళ్లలో లీటరుకి సుమారు 9 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. 30 డిగ్రీలకి వెళ్తే అది ఏడున్నరకి పడిపోతుంది. పైగా నీళ్లు వేడెక్కేకొద్దీ చేపకి ఆక్సిజన్ ఎక్కువ కావాలి. అంటే మే నెల ఎండలో బకెట్టుని గట్టు మీద పెట్టామంటే ఖర్చు పెరిగి జీతం తగ్గినట్టే. మావయ్య బకెట్టుకి తడి గోనెసంచి చుట్టి చింతచెట్టు నీడలో పెడతాడు. గంటకోసారి చెంబుతో పాత నీళ్లు తీసి కొత్తవి నెమ్మదిగా పోస్తాడు. ఒక్కసారిగా మార్చడు. ఇంకా మంచిది, మూతతో సహా చిల్లులు పొడిచిన బకెట్టుని తాడు కట్టి ఏట్లోనే ముంచి ఉంచడం.

నేను తీసుకెళ్లిన వాటిలో పనికొచ్చింది ఒక్కటే, బ్యాటరీతో నడిచే బుడగల మోటారు. మావయ్య మొదట నవ్వాడు. సాయంత్రానికి బ్యాటరీలు ఎక్కడ దొరుకుతాయని అడిగాడు.

పొడి చేత్తో మాత్రం చేపని పట్టుకోకండి. ఒంటి మీద జిగురు పొర పోతే దానికి చర్మం ఒలిచినట్టే. చెయ్యి తడుపుకుని మెత్తగా పట్టాలి.

ఇక గుచ్చడం. ఇది రాయకుండా దాటేయొచ్చు గానీ, దాటేస్తే అబద్ధం రాసినట్టవుతుంది. నిలవనీళ్లలో అయితే వీపు రెక్క కింద, వెన్నుముల్లుకి తగలకుండా పైపైన గుచ్చుతారు. పారే నీళ్లలో అయితే పెదవులకి గుచ్చుతారు, అప్పుడు అది ప్రవాహానికి ఎదురు నిలిచి ఈదుతుంది. పొట్టకి గుచ్చకూడదు. తెలుసుకోవడం సులువే. కానీ అరచేతిలో కొట్టుకుంటున్న వేలెడు చేపకి ఇనుప ముల్లు గుచ్చేటప్పుడు నా చెయ్యి వణికింది. మా టీమ్‌లో ఓ అమ్మాయి తర్వాత ఈ కథ విని "పాపం కదా" అంది. పాపమే. జర్మనీలో బతికున్న చేపని ఎరగా గుచ్చడం నిషేధం. ఇంగ్లండ్‌లో ఏ నీళ్లలో పట్టిన చేపని ఆ నీళ్లలోనే ఎరగా వాడాలన్నది నిబంధన. మా మావయ్య రూలు అక్కడ రాతలో ఉందన్నమాట.

మావయ్యని అడిగాను, నీకేం అనిపించదా అని. "అనిపిస్తది. అందుకే అరడజనుకి మించి పట్టను. కూరకి సరిపడా దొరికితే గాలం తీసేస్తా" అన్నాడు. నాకు ఆ జవాబుతో పూర్తిగా సమాధానపడబుద్ధి కాలేదు. ఇప్పటికీ గుచ్చే పని ఆయనకే వదిలేస్తాను, తినేటప్పుడు మాత్రం ముందు నేనే కూర్చుంటాను. ఏం మనిషినో!

చీకటి పడ్డాక

పొద్దు వాలాక ఓ లోతైన మలుపు దగ్గర కూర్చున్నాం. ఆ చోటు మావయ్యే ఎంచాడు. ఏట్లో ఇసుక తవ్విన గుంతలున్నాయి, పైకి మోకాలి లోతులా కనపడి ఒక్క అడుగుకే మనిషి మునిగేంత దిగిపోతాయి. ఏటా ఎవరో ఒకరు పోతూనే ఉన్నారు. కొత్తవాళ్లు ఎర కోసమైనా సరే, తెలిసిన మనిషి లేకుండా నీళ్లలోకి దిగొద్దు. బాటిల్ గట్టు మీంచి విసిరినా పనిచేస్తుంది.

నా ఫైబర్ రాడ్ పక్కన మావయ్య వెదురు గెడ. దానికి జీలుగ బెండు. ఎర నేలకి జానెడు పైన తిరిగేలా సీసం గుండు కట్టాడు. దోమలు తప్ప గంటన్నర దాకా ఏమీ లేదు. తర్వాత నా బెండు మునగలేదు, పక్కకి నడవడం మొదలుపెట్టింది. నేను లాగబోయాను. మావయ్య నా మణికట్టు పట్టుకున్నాడు. "మింగనీ... మింగనీ... ఇప్పుడు!"

పావుగంట పట్టింది. మూడు కిలోలకి తక్కువుండదు, వెండి బద్దలా మెరిసింది. టార్చి వెలుగులో ఆ నోరు చూస్తే నిజంగానే భయమేసింది. ఇంకో రెండు ఎరలకి చిన్న వాలుగ ఒకటి పడింది, జానెడున్నర ఉంటుందేమో. దాన్ని మావయ్య గాలం తీసి నీళ్లలో పెట్టి, తోక ఆడించేదాకా పట్టుకుని వదిలేశాడు. ప్రపంచవ్యాప్తంగా జీవజాతుల లెక్క చూసే ఐయూసీఎన్ జాబితాలో వాలుగ ఇప్పుడు ముప్పు పొంచి ఉన్న జాతుల్లో ఉంది. ఆ జాబితా మావయ్యకి తెలీదు. "మా చిన్నప్పుడు ఈ మలుపులో పది కిలోలవి పడేవి" అని మాత్రం అన్నాడు. తొలకరి పడ్డాక, అవి గుడ్లు పెట్టే రోజుల్లో ఆయన వాలుగ గాలం అసలు బయటికి తీయడు.

బకెట్లో ఐదు పరిగెలు మిగిలాయి. గడ్డి అంచుకి వెళ్లి, బాటిల్ పెట్టినచోటే బకెట్టు వంచి నీళ్లలోకి వదిలాం. నాలుగు వెంటనే మాయమయ్యాయి. ఒకటి కాస్సేపు అక్కడే నిలబడి తర్వాత వెళ్లింది.

నేను తిరిగొచ్చేటప్పుడు బాటిల్, బుడగల మోటారు అక్కడే వదిలేశాను. మొన్నీమధ్య మావయ్య వాట్సాప్‌లో ఫోటో పెట్టాడు. నా బాటిల్లో తవుడు ముద్ద మొత్తం ఖాళీ, చుట్టలు చుట్టుకుని ఓ బొమ్మిడాయి. కింద మెసేజ్: "ఇది ఎర కాదు అల్లుడూ. మీ అత్తయ్య చింతపండు నానబెట్టింది."